చిందిన నెత్తురు ఎవరిది

పొద్దున్నే పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డ అతిమే గిందోని చూడగానే నాకు ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. అతను దొగోన్ వాడు, కొండ అంచుల్లో ఉల్లి పండించుకునే తెగ. నేను బోజో దాన్ని. మా వాళ్ళంతా నది మీద వల వేసి బతికేవాళ్ళు. మా రెండు తెగల వాళ్ళు ఎదురుపడినప్పుడు తిట్టుకోకుండా పక్కనుంచి దాటిపోతే అది మహా తప్పు. తాతల నాటి వరస అది, మాంగూ అంటాం. తిట్టినవాడికి పాపం అంటదు, తిట్టించుకున్నవాడికి కోపం రాకూడదు.

"ఏరా ఉల్లిగడ్డా, మనుషుల వరసలో నిలబడ్డావేం? నీ మేత పెరట్లో వేశాను కదా" అన్నాను గరిటె ఊపుతూ.

"వెళ్ళానే చేపల ముసలీ. నువ్వు ఆరేసిన బట్టల వాసనకి ఊళ్ళో పిల్లులన్నీ అక్కడే చేరాయి. నాకు చోటెక్కడుంది?"

"నువ్వొకసారి నోరు తెరిస్తే ఆ కంపుకి అవే పోతాయిలే."

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదన్నారు. చేప చేసిన మేలు గురించి ఎవడైనా ఒక్క మాట అన్నాడా? ముళ్ళు తప్ప ఏముంది అందులో?"

వెనకున్న ఆటగాళ్ళు పళ్ళేలు పట్టుకుని పగలబడి నవ్వారు. నేను అతన్ని ఇంకో రెండు మాటలని, అందరికంటే పెద్ద చేపముక్క అతని పళ్ళెంలో పడేశాను. తిట్టడం ఎంత ఆచారమో ఇదీ అంతే ఆచారం.

నా పేరు తెనిన్ కరబెంతా. మాలి దేశపు ఫుట్‌బాల్ జట్టుకి ఎన్నో ఏళ్ళుగా వంట చేస్తున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. నలభై మంది మగవాళ్ళకి మూడు పూటలా వండి చూడండి, మీకూ అక్కడే ఉంటుంది. అయితే ఈ ఏడు నా కోపాన్ని కూడా ఎవరూ పట్టించుకోవడం లేదు. మా దేశం మొదటిసారి ప్రపంచ కప్పుకి వెళ్తోంది. రాజధాని బమాకోలో గోడలన్నీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పూసుకున్నాయి. నేను శిబిరంలో వంటమనిషినని తెలిస్తే చాలు, బజారులో బెండకాయలమ్మే ఆవిడ ఇంకో గుప్పెడు వేసి, మా పిల్లలకి బాగా పెట్టమ్మా అంటోంది.

ఆ పిల్లల్లో ఒకడు నిజంగానే మా పిల్లాడు. లాసీనే, మా తమ్ముడి కొడుకు. తమ్ముడు పోయాక మా ఊరు మోప్తి నుంచి తెచ్చుకుని నేనే పెంచాను. ఇరవై ఏళ్ళ వాడు, ఎడమ కాలి వాడు. వాడు కొట్టే బంతికి ఎదురు నిలబడేవాడు ముందు ఇంట్లో చెప్పి రావాలి. మేనత్త వంటమనిషి కాబట్టి వాడు శిబిరం దాకా వచ్చాడని ఎవరైనా అన్నారో, గరిటె తిరగేస్తాను.

ప్రపంచ కప్పుకి వెళ్ళేవాళ్ళ పేర్లు కోచ్ శనివారం చదువుతాడు. కోచ్ దెంబా సకిలిబా మాటలు పొదుపుగా వాడే మనిషి, పడమటి వైపు కాయెస్ ఊరివాడు. ఎవరెవరు వెళ్తారో దాదాపు తేల్చేసుకున్నాడు. ఇంకా తేలనివి రెండే. నలుగురు గోల్‌కీపర్లలో వెళ్ళే ముగ్గురిలో మూడోవాడెవడు? గోల్ కొట్టేవాళ్ళలో ఆఖరివాడెవడు? మొదటిదానికి అతిమే ఆశపడుతున్నాడు, రెండోదానికి మా లాసీనే. సోమవారం నాడు కోచ్ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి అందరి ముందూ చెప్పేశాడు.

"ఈ వారమంతా మీ ఇద్దరికీ ఒకళ్ళకొకళ్ళే పరీక్ష. అతిమే, వీణ్ణి ఆపగలిగితే నువ్వొస్తావు. లాసీనే, ఇతని మీద గోల్ కొట్టగలిగితే నువ్వొస్తావు. నాకు ఇంకేం చెప్పద్దు."

అతిమేకి ముప్ఫై ఆరేళ్ళు. పన్నెండేళ్ళుగా జట్టుతో తిరుగుతున్నాడు గాని ఎక్కువ కాలం బల్ల మీదే కూర్చున్నాడు. ఇంకో నాలుగేళ్ళకి వచ్చే కప్పు దాకా అతని మోకాళ్ళు ఆగవు. వాళ్ళమ్మ గొడవల్లో కొండ మీద ఊరొదిలి సెవరే పట్నంలో అద్దె గదిలో ఉంటోంది. మా అబ్బాయి టీవీలో కనపడతాడని వీధి వీధంతా చెప్పుకుందట. ఈ సంగతి అతనే నాకు చెప్పి, వెంటనే దానిమీద నన్నేదో తిట్టి వెళ్ళాడు.

మంగళవారం సాయంత్రం నేను అల్లం పానకం తీసుకుని మైదానానికి వెళ్ళేసరికి ప్రాక్టీసు జరుగుతోంది. పక్కనుంచి బంతి ఎత్తుగా వచ్చింది. లాసీనే గాల్లోకి లేచాడు. అతిమే పిడికిళ్ళు చాచి ముందుకురికాడు. ఇద్దరూ గుద్దుకుని కింద పడ్డారు. పిల్లాడి మోచెయ్యి అతిమే కనుబొమ్మ మీద తగిలి చర్మం చీలింది. నెత్తురు ముఖమంతా కారి, చొక్కా తడిసి, తెల్లగీత మీద పడింది.

డాక్టరు పరిగెత్తుకొచ్చి దూది అద్దాడు. అతిమే నేలమీద కూర్చునే, "చూశారా, ఆ చేపల ముసలిది మేనల్లుడితో నన్ను చంపించేసింది" అన్నాడు. అందరూ నవ్వారు. కోచ్ కూడా నవ్వాడు. ఆటలో దెబ్బలు మామూలే.

లాసీనే మాత్రం నవ్వలేదు. తన మోచేతి మీద అంటిన నెత్తురు కేసి చూస్తూ నిలబడిపోయాడు. నేనూ నవ్వలేదు, పానకం కుండ కింద దింపేశాను.

ఎందుకంటే మాంగూలో అన్నీ చెల్లుతాయి గాని అది చెల్లదు. వెనకటికి పెద్ద కరువొచ్చినప్పుడు అన్నదమ్ములిద్దరు తిండి కోసం బయల్దేరారట. దారిలో తమ్ముడు ఆకలికి పడిపోయి ఇక లేవలేనన్నాడు. అన్న పొదల చాటుకి వెళ్ళి, తన తొడలోంచి మాంసం కోసి, కాల్చి తెచ్చి తినిపించాడు. తమ్ముడు బతికాడు. అన్న కుంటుతూ నడుస్తుంటే అప్పుడు తెలుసుకున్నాడు తమ్ముడు తను ఏం తిన్నాడో. ఆ అన్న పిల్లలం మేము, నది పట్టుకున్నాం. తమ్ముడి పిల్లలు దొగోన్లు, కొండెక్కారు. ఆనాటి నుంచి ఒకళ్ళనొకళ్ళు ఎంతైనా తిట్టుకోవచ్చు, నువ్వు నా బానిసవి అని కూడా అనొచ్చు. పెళ్ళిళ్ళు మాత్రం చేసుకోకూడదు. ఒకరు అడిగింది ఇంకొకరు కాదనకూడదు. ఒకరి నెత్తురు ఇంకొకరు చిందించకూడదు. చిందిస్తే వల ఖాళీగా వస్తుందంటారు, చెయ్యి పడిపోతుందంటారు. ఇవన్నీ నమ్మనని నేను పైకి అంటాను. అలాగని పరీక్ష పెట్టి చూడను.

ఆ రాత్రి పిల్లాడు అన్నం ముట్టలేదు. వంటింటి వెనక బస్తాల మీద కూర్చున్నాడు.

"కావాలని చేశావేంట్రా? ఆటలో తగిలింది" అన్నాను.

"కావాలని చెయ్యకపోతే నెత్తురు నెత్తురు కాకుండా పోతుందా అత్తా?"

"అతనే నవ్వాడు కదా."

"అతను నవ్వుతాడు. మంచివాడు. తాతలు నవ్వుతారా?" అని తన ఎడమ కాలు ముందుకు చాపి చూపించాడు. "ఇందాక అతనికి కట్టు కట్టాక మళ్ళీ ఆడమన్నారు. అతని ఎదురుగా వెళ్ళేసరికి ఇది నాది కానట్టు ఉంది. గట్టిగా కొడితే మళ్ళీ అతని ముఖానికే తగుల్తుందేమోనని."

"కోచ్‌కి చెప్తాను."

"చెప్పావంటే నా మీదొట్టు. తాతమ్మ కథలకి కాళ్ళు పడిపోయేవాణ్ణి ప్రపంచ కప్పుకి ఎవడు తీసుకెళ్తాడు?"

బుధవారం చూశాను. లాసీనే బంతి తీసుకుని ముగ్గుర్ని దాటుకుని చక్కగా వస్తాడు. అతిమే ఒక్కడే ఎదురుగా ఉంటాడు. అప్పుడు కొడతాడు చూడండి, బంతి వెళ్ళి మామిడిచెట్ల అవతల పడుతుంది. గురువారం పొద్దున్న కూడా అంతే. పెనాల్టీ ఇస్తే అదీ బయటికే. అతిమే కుట్ల మీద పట్టీ వేసుకుని గోల్‌లో నిలబడ్డాడు. రెండు రోజులూ అతని మీద ఒక్క గోల్ పడలేదు.

గురువారం మధ్యాహ్నం కోచ్ వంటింట్లోకి వచ్చాడు. అతను వంటింట్లోకి రావడం అదే మొదలు.

"తెనిన్ అక్కా, మీ వాడికి ఏమైంది? ఆకాశంలో పిట్టల్ని కొడుతున్నాడు."

"నాకేం తెలుసు? నేను సంకటి కలిపేదాన్ని."

"రేపు సాయంత్రం ఆఖరి ఆట. అప్పటికీ ఇంతే అయితే నా చేతుల్లో ఏమీ ఉండదు. వాణ్ణి వదులుకోవడం నాకూ ఇష్టం లేదు, ఆ కాలు మళ్ళీ దొరికేది కాదు" అని కాసేపు నిలబడి, నేనేమైనా చెప్తానేమోనని చూసి వెళ్ళిపోయాడు. వేళాకోళం వరసలు వాళ్ళ వైపూ ఉన్నాయి గాని నెత్తురు సంగతి అతని ఊహకి కూడా తట్టలేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పిల్లాడి ఒట్టు అడ్డమొచ్చి మానేశాను.

అతను అటు వెళ్ళగానే మోప్తికి ఫోన్ చేశాను. మా పెద్దనాన్నకి ఎనభై దాటాయి. ఇప్పటికీ పడవ మీదే నిద్రపోతాడు. జరిగిందంతా విని చాలాసేపు దగ్గాడు.

"చిందించినవాడు ఎంత కడుక్కున్నా పోదమ్మా. నెత్తురు పోయినవాడు నోరు విప్పి చెప్పాలి. నాకూ నీకూ మధ్య ఏమీ లేదని అతననాలి."

"అనకపోతే?"

"అడుగు. బోజో మనిషి అడిగితే దొగోన్ వాడు కాదనడు. అది తెలీదా నీకు?"

తెలుసు. తెలియడమే నా ఖర్మ. అతిమే ఒక్క మాట అంటే లాసీనే కాలు లాసీనేకి వస్తుంది. వస్తే ఆ బంతులు ఎక్కడికి వెళ్తాయి? తిన్నగా అతిమే గోల్‌లోకే వెళ్తాయి. ముప్ఫై ఆరేళ్ళ మోకాళ్ళతో అతను వాటిని ఆపలేడని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. నేను అడిగితే అతను కాదనలేడు. కాదనలేని మనిషిని పట్టుకుని, బాబూ నీ ప్రపంచ కప్పు తీసి మా పిల్లాడికి ఇవ్వు అని ఎలా అడగను? అడక్కపోతే పెంచిన కొడుకు ఇంటికి వచ్చేస్తాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. ఆ కోపమంతా గిన్నెల మీద చూపించాను. నా జన్మలో మొదటిసారి వేరుశనగ పులుసు అడుగంటింది.

అడక్కూడదని తేల్చుకున్నాను. అయితే అతన్ని తిట్టడానికి నోరు తెరిస్తే ఆ తిట్ల మధ్యలో ఎక్కడ అడిగేస్తానోనని భయం. అందుకని అసలు నోరే తెరవలేదు. ఆ పూట వడ్డిస్తుంటే అతను పళ్ళెం చాపి, "ఏమే చేపల ముసలీ, అడుగంటిన పులుసు దొగోన్ వాడికి, మంచిది మనుషులకీనా?" అన్నాడు.

"ఇంకొంచెం వెయ్యనా?" అన్నాను.

అతను చెయ్యి ఆపేశాడు. "వెయ్యనా అని అడుగుతోంది. ఎవరైనా పోయారా?"

ఎవరూ నవ్వలేదు. అతను నన్ను చూశాడు. తర్వాత అటు గోడ వైపు తిరిగి కూర్చున్న లాసీనే వీపు చూశాడు. పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా వంటింటి వెనక చేపల పొలుసు గీకుతున్నాను. అతిమే వచ్చి నీళ్ళ డబ్బా బోర్లించుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"అడగవేం?" అన్నాడు.

"ఏం అడగాలి?"

"నాకు తెలీదనుకున్నావా? మా ఊళ్ళో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. వాడు బయటికి ఎందుకు కొడుతున్నాడో మొదటి బంతికే తెలిసింది నాకు."

తెలిసి నోరు మూసుకున్నావా అని అరవబోయి నాలిక కరుచుకున్నాను. అరిస్తే అది అడిగినట్టే.

"నేనూ మనిషినే తెనిన్" అన్నాడు. అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "పన్నెండేళ్ళు బల్ల మీద కూర్చున్నాను. నిన్న కోచ్ వచ్చి భుజం తట్టాడు. వెంటనే అమ్మకి ఫోన్ చేసి ఈసారి ఖాయమన్నాను. ఆవిడ ఫోన్‌లోనే ఏడ్చింది."

నేను చేపని తిప్పి రెండో వైపు గీకాను.

"నువ్వు అడుగుతావని రెండు రోజులుగా నీ నోటి వంకే చూస్తున్నాను. అడిగితే కాదనలేను కదా. ఆ తర్వాత జీవితాంతం, ఆ ముసలిది నా నోటికాడ కూడు లాక్కుందని నిన్ను తిట్టుకుంటూ హాయిగా బతకొచ్చు. నువ్వు అడగలేదు."

"అడగను."

"ఎందుకు?"

"మీ అమ్మ టీవీ ముందు కూర్చోవాలి కదా."

ఒక పిల్లి వచ్చి నా పక్కన కూర్చుంటే అతను దాన్నే చూస్తూ ఉండిపోయాడు. లేస్తూ లేస్తూ, "కంపు కొడుతున్నావు, పోయి స్నానం చెయ్యి" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం నమాజు అయ్యాక అందరూ భోజనాలకి వచ్చారు. కోచ్ తన బల్ల దగ్గర కూర్చున్నాడు. లాసీనే అన్నం కెలుకుతున్నాడు. అతిమే లేచి నిలబడి చెంచాతో గ్లాసు మీద కొట్టాడు.

"ఒరేయ్ లాసీనే కరబెంతా, లేచి నిలబడరా."

పిల్లాడు లేచాడు.

అతిమే కనుబొమ్మ మీద పట్టీ పీకేశాడు. "ఈ కుట్లు చూశావా?"

"చూశానన్నా."

"అన్నా ఏంట్రా అన్నా? నేను నీ యజమానిని. మంగళవారం ఇక్కడ్నించి నెత్తురు పోయింది. ఎవరిదా నెత్తురు?"

"నీదే."

"నాదెలా అవుతుందిరా దొంగ పీనుగా? కరువులో మా తాత చచ్చిపోతుంటే మీ తాత తొడ కోసి పెట్టాడు. అది తిని బతికాడు మా తాత. ఆ నెత్తురే మా అయ్యకొచ్చింది, ఆ నెత్తురే నాకొచ్చింది. ఇందులో నాదేముంది? అంతా మీ వాళ్ళు పెట్టిందే. మంగళవారం నువ్వు చిందించింది మీ సొంత నెత్తురు." అందరి వైపూ తిరిగాడు. "చూశారా ఈ బోజో వాళ్ళ బుద్ధి? ఎప్పుడో తాతలు పెట్టిన ముద్దని ఇన్నాళ్ళకి మోచేత్తో పొడిచి వెనక్కి లాక్కున్నాడు. అదీ ఎంత, చెంచాడు. సిగ్గుండాలి."

కోచ్ నోటి దాకా తెచ్చిన ముద్ద అలాగే పట్టుకున్నాడు. అతని చూపు కుట్ల మీంచి లాసీనే మీదకి, అక్కడ్నించి నా మీదకి తిరిగింది. ఇప్పుడర్థమైంది అతనికి.

"నా ఒంట్లో ఇంకా చాలా ఉంది" అన్నాడు అతిమే. "కావలిస్తే సాయంత్రం బంతితో వచ్చి తీసుకో. బయటికి కొట్టావంటే మాత్రం మా తాత తిన్న ముద్దని అవమానించినట్టే. నాకూ నీకూ మధ్య ఏమీ లేదు. కూర్చుని తిను, చేపముల్లులా ఉన్నావు."

ముందు ఎవరో ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత గదంతా నవ్వింది. లాసీనే నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. బల్లల మధ్యలోంచి వెళ్ళి అతిమే భుజం మీద తల పెట్టుకుని నిలబడ్డాడు. అతిమే వాడి వీపు మీద ఒక్కటి చరిచి వెనక్కి పంపాడు. వాడు రెండు పళ్ళేలు తిన్నాడు.

నేను సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చాను. అంత మంచి మాట నేను పుట్టి ఎన్నడూ వినలేదు. నేను అడగలేదు. అడగకుండానే ఇచ్చాడు. నన్ను పుట్టించినవాడికి దణ్ణం పెట్టుకున్నాను, నదికి దణ్ణం పెట్టుకున్నాను, తొడ కోసి పెట్టిన ఆ పాతకాలపు మనిషికీ పెట్టుకున్నాను.

సాయంత్రం పొయ్యి మీద కుండ వదిలేసి మైదానం గట్టుకి పరిగెత్తాను. లాసీనే బంతి తీసుకుని వచ్చాడు. కాలు వెనక్కి వెళ్ళడం చూశాను. బంతి తిన్నగా గోల్ వైపే వెళ్ళింది. అతిమే పక్కకి ఎగిరి వేళ్ళ కొసలతో బయటికి నెట్టేశాడు.

"ఇదేనా?" అని కేకేశాడు లేస్తూ. "మీ అత్త గరిటెతో ఇంతకంటే గట్టిగా కొడుతుంది."

రెండోసారి కింద మూలకి కొట్టాడు. వల్లో పడింది. మూడోదానికి అతను కదిలేలోపే వల కదిలింది. ఆ తర్వాత ఇంకొకటి. పడ్డ ప్రతిసారీ అతిమే దుమ్ములోంచి లేచి, బంతి విసిరి, వాడి ముత్తాతల దాకా ఒకళ్ళనీ వదలకుండా తిట్టి, మళ్ళీ రెండు కాళ్ళూ బిగించి నిలబడ్డాడు. అతను కావాలని వదిలేశాడని తర్వాత ఒకరిద్దరు అన్నారు. వాళ్ళ నోట్లో మన్ను పడ. నేను గట్టు మీదే ఉన్నాను. అతని మోచేతులు చీరుకుపోయాయి, మోకాలు వాచింది. ఆఖరి బంతికి కూడా ప్రాణం పెట్టి ఎగిరాడు. అందలేదు, అంతే.

శనివారం పొద్దున్న కోచ్ పేర్లు చదివాడు. ముందు గోల్‌కీపర్లు. ముగ్గురి పేర్లూ చదివాడు, అతిమే గిందో అన్న పేరు లేదు. వరసగా మిగతావాళ్ళని చదువుకుంటూ వచ్చి చిట్టచివర, "లాసీనే కరబెంతా" అన్నాడు. పిల్లాడు కదల్లేదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అతిమే. కోచ్ అతని దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుని ఏదో మెల్లగా చెప్పాడు. విమానం ఎక్కేదాకా శిబిరంలో ఉండి లాసీనేకి ఎదురు నిలబడమని అడిగాడట. అతిమే సరేనన్నాడు.

తర్వాత అతను ఫోన్ తీసుకుని మామిడిచెట్ల కిందికి వెళ్ళాడు. వంటింటి కిటికీ అటే ఉంటుంది. నేను వినాలని వినలేదు, వినపడింది.

"అమ్మా... లేదమ్మా, నేను వెళ్ళట్లేదు. నాకంటే బాగా ఆడేవాళ్ళున్నారు... ఏడవకు. వీధివాళ్ళకి ఏం చెప్పాలా? మనవాడు ఒకడు వెళ్తున్నాడని చెప్పు. టీవీ పెట్టుకుని వాణ్ణి చూడు. ఎడమ కాలి వాడు, సన్నగా ఉంటాడు... అవునమ్మా, బోజో వాడే. పరవాలేదు, తిట్టుకుంటూనే చూడు."

నేను చేతులు తుడుచుకోకుండానే బయటికి వెళ్ళాను. అతను ఫోన్ జేబులో పెట్టుకుని చెట్టుకి చేరగిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం సర్దుకున్నాడు.

"ఏంటే, చేపలన్నీ వదిలేసి వచ్చావు? పిల్లులకి పండగేనా?"

మా రెండు తెగల మధ్య మేలు చేశావనే మాట అనుకోం. అది పరాయివాళ్ళకి చెప్పే మాట. దొగోన్ వాడికి బోజో మనిషి దణ్ణం పెట్టడం మా అమ్మ చూసి ఉంటే మూర్ఛపోయేది. పోతే పోనీ అనుకున్నాను. చేపల పొలుసు అంటిన చేతులతోనే అతని రెండు చేతులూ పట్టుకున్నాను.

"అతిమే, తమ్ముడూ. నీ మేలు మరిచిపోను. బతికున్నంత కాలం మరిచిపోను."

అతను దానికి బదులుగా ఏదో అనబోయాడు. తల వంచుకుని మా చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు, విడిపించుకోలేదు.

"ఆకలేస్తోందక్కా" అన్నాడు కాసేపటికి.

"రా" అన్నాను. ఇద్దరం లోపలికి నడిచాం.